తాళం పిన్ని పాస్‌వర్డు

మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. తాళం పిన్ని జిరాక్సు కొట్టు ముందు నిలబడి, నోరు ఊరుకోక, వయొలిన్ టీచరుకి ఎడమ చెవి పోయిందన్న సంగతి నలుగురికీ చెప్పేసిందట. నవ్వుతూ చెప్పిందని కొందరు. నవ్వలేదు, జాలిపడుతున్నట్టు మొహం పెట్టి చెప్పింది, అదింకా దారుణం అని కొందరు. జిరాక్సు కొట్టు కాదు, లాండ్రీలో అని ఒకావిడ. ఎందుకు చెప్పిందన్నదానికి కూడా వాళ్ళ దగ్గర జవాబుంది. అక్క కూతురికి ఊరికే వయొలిన్ నేర్పమని అడిగిందట, టీచరు కుదరదందట, ఆ కడుపుమంట.

ఆ అక్క కూతుర్ని నేనే. వయొలిన్ నేర్చుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. నలుగురిలో ఎవరైనా నన్ను పలకరిస్తేనే నాకు అరచేతులు చెమరుస్తాయి. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా అమ్మ మంచాన పడితే బడి మానేశాను. అమ్మ పోయాక పిన్ని నా బట్టల సంచీ తనే భుజాన వేసుకుని నన్ను తీసుకొచ్చింది. అప్పటినుంచి ఆ రెండు గదుల ఇంట్లో మేం ముగ్గురం: పిన్ని, లేతు మిషను మీద పనిచేసే బాబాయి, నేను.

తాళం అన్న పేరు పెట్టింది బాబాయే. వీధి దాన్ని ఎత్తుకుంది, అంతే.

వీధి చివర చెవి డాక్టరు గారి క్లినిక్కు ఉంది. ఒక్కొక్కరిని చూశాక ఆయన చిన్న రికార్డరులో ఏదో గొణుగుతారు. సాయంత్రం పిన్ని వెళ్ళి ఆ రోజు మాటలున్న కార్డు తెచ్చుకునేది. కంప్యూటర్లో పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బల్ల కిందున్న పెడల్ మీద కాలు వేసేది. తొక్కితే డాక్టరు గారు మాట్లాడతారు, కాలు తీస్తే ఆగిపోతారు. "చెప్పినప్పుడు మాట్లాడి, చెప్పినప్పుడు నోరు మూసుకునే మగాణ్ణి ఇక్కడే చూశాను," అనేది పిన్ని, బాబాయికి వినబడేట్టు. ఆయన దగ్గుబిళ్ళ బుగ్గన పెట్టుకుని చెప్పిన మాటలు క్లినిక్కులో నర్సుకే అర్థమయ్యేవి కావు. పిన్నికి ఒక్క అక్షరం పోయేది కాదు. తెల్లారేసరికి రిపోర్టులన్నీ శుభ్రంగా టైపయ్యి ఆయన బల్ల మీదుండేవి.

పని అప్పగించిన రోజే డాక్టరు గారు ఒక మాట చెప్పారట. "ఇవన్నీ మన వీధివాళ్ళ చెవులమ్మా. మీరు తప్ప ఇంకెవరూ వినకూడదు, చూడకూడదు."

పిన్ని ఆ మాటని ఎంతగా పట్టుకుందంటే, శనివారం వచ్చిందంటే ఇంట్లో పాస్‌వర్డు మార్చే తతంగం జరిగేది. పదహారు అక్షరాలు. ఎక్కడా రాసుకునేది కాదు. మార్చేటప్పుడు నేను గోడవైపు తిరగాలి, బాబాయి వార్తాపత్రిక మొహానికి అడ్డం పెట్టుకోవాలి.

"ఈ వారం నా పేరు పెట్టావా?" అనేవాడు బాబాయి పత్రిక వెనకనుంచి.

"నీ పేరు పెడితే మొదటి దెబ్బకే తెరుచుకుంటుంది. కాస్త కష్టమైనది పెట్టుకోనీ."

"వెనక తలుపు గడియ పడక రెండేళ్ళనుంచి ఇటుక ఆనిస్తున్నాం. పెట్టెకి మాత్రం పదహారు తాళాలు. తాళం పిన్నీ, తాళం పిన్నీ!"

"ఇంట్లో ఎత్తుకెళ్ళడానికేముంది, నువ్వు తప్ప? నిన్నెవరూ ఎత్తుకెళ్ళరు. పెట్టెలో ఉన్నవి జనం సంగతులు."

మా గుమ్మానికి ఎదురుగా, కింది వాటాలో వయొలిన్ టీచరు ఉండేది. ఒంటరి మనిషి. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ మెడ కాస్త ఎడమకి వంచి నడిచేది. పద్నాలుగు మంది పిల్లలు ఆవిడ దగ్గర నేర్చుకునేవారు. పాఠాలయ్యాక, దీపాలు పెట్టేవేళకి ముందు, ఆవిడ తన గోడ పక్కనున్న రాతి బెంచి మీద కూర్చునేది. మా గుమ్మం వైపు కొస పిన్నిది, అవతలి కొస టీచరుది. ఇరవై ఏళ్ళుగా అంతే. ఎవరు ఎవరింటికి ముందు టీ తెస్తారన్నదాని మీద దెబ్బలాడుకునేంత స్నేహం.

పాస్‌వర్డు గొప్పలు పిన్ని చెప్పుకునేది కూడా ఆ బెంచి మీదే. "దేవుడొచ్చి కూర్చున్నా తెరవలేడు వదినా. ఆయన వేళ్ళకి కూడా నొప్పులు పుట్టాల్సిందే."

ఆ చివరి ఏడాది మాత్రం పిన్ని తరచూ మొహం ముడుచుకుని లోపలికొచ్చేది. "మనిషి మారిపోయిందే. పది మాటలంటే ఒకదానికి ఊ కొడుతుంది. ఎటో చూస్తుంది. మన మాటలు ఆనడం లేదు ఆవిడకి."

నేను తల ఎత్తకుండా అంట్లు తోమేదాన్ని.

ఇంతలో ఒకరోజు కంప్యూటరు తెరుచుకోలేదు. లోపల ఏదో టక్కు టక్కుమని కొట్టుకుంటోంది. దాన్ని దుప్పట్లో చుట్టి, చెరో కొసా పట్టుకుని, బస్టాండు సందులో ఉన్న రిపేరు కొట్టుకి మోసుకెళ్ళాం. రిపేరాయన నలభై ఏళ్ళ మనిషి, మాట మంచిది, చెవి మీద స్క్రూడ్రైవరు పెట్టుకుని పనిచేస్తాడు.

"పాస్‌వర్డు ఏంటమ్మా?"

"అదొక్కటీ అడక్కు నాయనా. ప్రాణం పోయినా చెప్పను."

"సరే, అక్కర్లేదులెండి," అన్నాడాయన, చీటీ మీద నంబరు రాస్తూ.

ఆ మాటకి పిన్ని మురిసిపోయింది. మర్యాద తెలిసినవాడంది. నాకు మాత్రం ఆ "అక్కర్లేదులెండి" దారంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

నాలుగు రోజులకి బాగుచేసి ఇచ్చాడు. డిస్కు పాడైపోతోందని, కొత్తది వేశానని, ఫైళ్ళు ఒక్కటీ పోకుండా అందులోకి మార్చానని చెప్పాడు. ఇంటికొచ్చి పిన్ని తన పదహారు అక్షరాలూ కొట్టింది. తెరుచుకుంది. రెండేళ్ళ రిపోర్టులూ వరసగా ఉన్నాయి. పిన్ని కళ్ళు తుడుచుకుంది కూడా.

అంతకు ముందు, కొట్టులోంచి బయల్దేరేటప్పుడు, పాత డిస్కు తీసుకెళ్తారా అని ఆయన అడిగాడు. పిన్ని చెయ్యి ఊపేసింది. "నాకెందుకయ్యా, ఉంచుకో. తాళం వేసున్న పెట్టె, ఎవరు మాత్రం ఏం చేసుకుంటారు?"

పాస్‌వర్డు చెప్పకుండానే లోపలివన్నీ ఎలా మార్చాడని అడగాలని నాకనిపించింది. అడగలేదు. తొమ్మిదో తరగతి దాకా చదివినదానికి ఇవేం తెలుస్తాయిలే అనుకున్నాను.

నెల తిరక్కుండా వీధంతా వయొలిన్ టీచరు చెవి గురించే. మొదట ఇద్దరు పిల్లలు రావడం మానేశారు. తరవాత ఒకేసారి అయిదుగురు. ఒక తల్లి బెంచి ముందునుంచే పోతూ పక్కావిడతో అంది: "రెండు చెవులున్నవాళ్ళకే శ్రుతి అందదు. సగం వినేవాళ్ళు ఏం నేర్పుతారు?" టీచరుకి వినబడిందో లేదో కూడా చూసుకోలేదు. ఒక్కొక్కరే తగ్గి చివరికి మిగిలింది ముగ్గురు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీచరు మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను లోపలి గది గుమ్మంలో నిలబడ్డాను.

"ఆ సంగతి నాకు తెలుసు, డాక్టరుకి తెలుసు," అందావిడ. "నర్సుని కూడా బయటికి పంపి చెప్పాడు. ఇంకెక్కడైనా ఉందంటే నీ పెట్టెలోనే ఉంది."

"వదినా, నేనెందుకు చెప్తాను? నా నోరు..."

"పెట్టెకి తాళం ఉందిగా?"

"ఉంది."

"దాని అక్షరాలు నీకు తప్ప ఎవరికైనా తెలుసా?"

పిన్ని ఆగింది. ఎంతసేపో కాదు, ఒక్క ఊపిరి. నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత బిగబట్టుకుందో నాకు ఆమె మెడ నరాల్లో కనిపించింది.

"ఎవరికీ తెలీదు. నాకొక్కదానికే."

"దేవుడొచ్చినా తెరవలేడన్నావు."

"అన్నాను."

"మరింకేముంది చెప్పడానికి," అంది టీచరు. తలుపు దగ్గర కాళ్ళకి చెప్పులు సరిగా దూరక కాసేపు తడుముకుంది. పిన్ని వంగి సర్దబోతే కాలు వెనక్కి తీసుకుంది.

ఆవిడ మెట్లు దిగిన చప్పుడు పోయాక పిన్ని నా దగ్గరికొచ్చి చిన్న గొంతుతో అడిగింది.

"నిజమేనా? చెవి పోయిందా ఆవిడకి?"

నేను తలూపాను.

పిన్నికి తెలీదు. ఆ రిపోర్టు పిన్ని వినలేదు, టైపు చెయ్యలేదు, చదవలేదు. ఆ వానాకాలం మొదట్లో ఆమె కుడి మణికట్టు వాచిపోయి గ్లాసు కూడా ఎత్తలేకపోయింది. చెప్తే పని ఇంకెవరికో ఇచ్చేస్తారన్న భయంతో డాక్టరు గారికి చెప్పలేదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నా, ఎవరో వింటారన్నట్టు, పాస్‌వర్డు నా చెవిలో చెప్పింది. "నీకు చెప్పానంటే నాకు చెప్పుకున్నట్టే. విన్నది ఎవరికీ చెప్పకు. ఎవరికీ అంటే ఎవరికీ." మూడు వారాలు నేనే పెడల్ తొక్కాను, నేనే కొట్టాను. అందులో ఒకరోజు దగ్గుబిళ్ళ చప్పరింపుల మధ్య ఎదురింటి నంబరు వినబడింది. ఎడమ చెవి, మళ్ళీ వచ్చే ఆశ లేదు. నేను కాలు తీసి, మళ్ళీ తొక్కాను.

"నువ్వేమైనా ఎవరితోనైనా..." అని మొదలెట్టి పిన్ని తనే ఆపేసింది. "లేదులే. నువ్వు నోరు విప్పితే కదా." తరవాత అడిగింది: "నాకైనా ఎందుకు చెప్పలేదే?"

"ఎవరికీ చెప్పొద్దన్నావు."

పిన్ని నా జుట్టు వెనక్కి తోసింది. "మంచిపని చేశావు," అంది. అలా అని ఏడ్చింది.

మర్నాడు నేను ఒక్కదాన్నే రిపేరు కొట్టుకి వెళ్ళాను. ఇంట్లోంచి ఒక్కదాన్నే అంత దూరం వెళ్ళడం అదే మొదటిసారి. దారిలో అనుకున్న ప్రశ్న కొట్టు ముందు నిలబడేసరికి ఎగిరిపోయింది. ఆయనే నవ్వి, "మళ్ళీ మొరాయించిందా?" అన్నాడు.

"పాస్‌వర్డు లేకుండా ఎలా తీశారు?" అన్నాను.

ఆయన దాచుకోలేదు. బల్ల మీదున్న ఎవరిదో డిస్కు తీసి, ఒక వైరు తగిలించి, తన కంప్యూటరుకి గుచ్చాడు. రెండు నిమిషాల్లో ఫొటోలు, ఉత్తరాలు, ఎవరి పుట్టినరోజో, అన్నీ తెర మీద పరుచుకున్నాయి. అక్షరం అడగలేదు.

"చూశారా? పాస్‌వర్డు తలుపుకేనమ్మా. ఎదురుగా కూర్చుని నొక్కేవాణ్ణి ఆపుతుంది. నేను గోడ విప్పి లోపలికెళ్తాను, నన్నేం ఆపుతుంది?"

"పదహారు అక్షరాలు పెట్టినా?"

"అరవై పెట్టినా అంతే. డిస్కుకే తాళం వేసే పద్ధతి వేరే ఉంది. అది మీరు పెట్టుకోలేదు. పెట్టుకునుంటే నేనూ చేతులెత్తేసేవాణ్ణి."

"మా పాత డిస్కు?"

"కొంత భాగం బాగానే ఉంటే సరిచేసి ఒక పాత కంప్యూటర్లో వేసి ఇచ్చేశా. మీ వీధిలో జిరాక్సు కొట్టాయనకే."

"అందులోవి తుడిచేశారా?"

ఆయన చెవి మీది స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిసారి మొహంలో నవ్వు తగ్గింది. "తుడవమని మీరు చెప్పలేదుగా," అన్నాడు.

ఆ సాయంత్రం బాబాయి, పిన్ని కలిసి జిరాక్సు కొట్టుకి వెళ్ళారు. నేను రోడ్డు ఇవతల నిలబడ్డాను. కొట్టాయన మిషను మూత కూడా ఎత్తకుండా మాట్లాడాడు. "ఏవో చెత్త ఫైళ్ళుంటే అప్పుడే తీసేశానమ్మా. చదివే తీరిక నాకెక్కడిది?"

"చెత్త అని ఎలా తెలిసిందయ్యా, చదవకపోతే?" అన్నాడు బాబాయి.

"అంటే నేను దొంగనంటారా? మీ ఆవిడ నోటికి నా కొట్టు అడ్డం పెట్టుకుంటారా?" అని అతను గొంతు పెంచాడు. కాగితాల కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. తాళం పిన్ని జిరాక్సు కొట్టు ముందు నిలబడి ఏదో అందన్న మాట, కథలో అప్పటికే ఉన్నది, ఆ సాయంత్రం నుంచి చూసినవాళ్ళ సాక్ష్యంతో సహా నిలిచిపోయింది.

మిగిలింది డాక్టరు గారు. పిన్ని ఆయనకి డిస్కు సంగతంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"అంటే పోయింది ఒక్క రిపోర్టు కాదు. రెండేళ్ళవి."

"అవునండి."

"మీరు కాక ఇంకెవరైనా ఈ పని చేశారా ఎప్పుడైనా?"

"లేదండి. నేనొక్కదాన్నే."

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది, ఇంకా పూర్తిగా తగ్గని ఆ మణికట్టుతోనే, గట్టిగా.

"ఇక కార్డులు పంపనమ్మా," అన్నారాయన. కోపంగా అనలేదు, అదే కష్టంగా ఉంది. "ఒక్కటి మాత్రం చెయ్యండి. డిస్కు మాట బయటికి రానివ్వకండి. వీధిలో సగంమంది చెవులు అందులో ఉన్నాయి. తమవన్నీ బయటపడ్డాయని తెలిస్తే వాళ్ళేమైపోతారో ఆలోచించండి."

పిన్ని సరేనంది. అలా అన్నప్పుడే తన మీద పడ్డ మాట ఇక ఎన్నటికీ పోదని ఆమెకి తెలుసు. నిజం చెప్తే ఊళ్ళోవాళ్ళ రాత్రి నిద్రలు పోతాయి. చెప్పకపోతే తనది మాత్రమే పోతుంది. మెట్లు దిగుతూ నాతో అంది: "నా పేరు చెడితే చెడింది. నీ పేరు బయటికొచ్చిందనుకో, రేపు నీకెవరిస్తారే పని? నోరు మూసుకుని ఉండు."

నోరు మూసుకుని ఉండటం నాకెవరూ నేర్పక్కర్లేదు. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

వయొలిన్ టీచరు ఆ చలికాలంలోనే ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. వయొలిన్ పెట్టె ఎవరికీ ఇవ్వకుండా తనే ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది. టీచరు తల తిప్పలేదు. పిలిచినా వినబడేది కాదేమో, బండిలో ఆవిడ ఎడమ చెవి మావైపే ఉంది.

పిన్ని ఇప్పుడు లాండ్రీలో పనిచేస్తుంది. బట్టలకి నంబరు చీటీలు కుడుతుంది. ఇంట్లో కంప్యూటరు మీద తనే కుట్టిన గుడ్డ కప్పి ఉంది. శనివారాలు ఎవరూ గోడవైపు తిరగడం లేదు. ఒకసారి బాబాయి వాతావరణం తేలిక చెయ్యబోయి, "ఈ వారం నా పేరేనా?" అన్నాడు. పిన్ని, "ఏది పెడితే ఏంలే," అంది. బాబాయి పత్రిక మడిచి బయటికెళ్ళి, వెనక తలుపు గడియ బాగుచేశాడు.

మొన్న లాండ్రీకి పిన్నికి అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్తే, కొత్తగా వీధిలోకొచ్చిన ఒకావిడ, నేనెవరో తెలియక, నాకే ఆ కథ చెప్పింది. జిరాక్సు కొట్టు, నవ్వు, కడుపుమంట, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. నేను విన్నాను. లోపల ఇస్త్రీ పొగలో పిన్ని వంగి చీటీలు కుడుతోంది.

ఆ కథలో లేనిది ఒకటుంది. నాకు ముందునుంచీ తెలుసు. టీచరు మా గుమ్మంలో నిలబడ్డ రోజున కూడా అది నా నాలుక చివరే ఉంది. చెప్పాలంటే రిపోర్టు టైపు చేసింది నేనని ఒప్పుకోవాలి, అందుకే చెప్పలేదు. బెంచికి మా గుమ్మం వైపు కొస టీచరుకి ఎడమ పక్క. చెవి సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ పక్కన కూర్చుని మాట్లాడరు. రిపోర్టు వచ్చిన రోజునుంచి వీధికి తెలిసిన రోజు దాకా ఆరు నెలలు, రోజూ సాయంత్రం, పిన్ని ఆ ఎడమ పక్కనే కూర్చుని ఆవిడతో మాట్లాడింది.